రెండు ఎల్సీలు, ఒక్క బోర్డు

మొన్న కరెంటు ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు సేఫ్టీ క్లాసు పెట్టి నన్ను పిలిచారు. రిటైరై నాలుగేళ్లయినా ఇంకా పిలుస్తూనే ఉన్నారు. నేను గొప్ప పనిమంతుణ్ణని కాదు, నా దగ్గర చెప్పడానికి ఒక తప్పు ఉందని. ఆ తప్పును ఎప్పటిలాగే పావుగంటలో చెప్పి ముగించాను. తర్వాత టీలు తాగుతుంటే ఒక అమ్మాయి దగ్గరికి వచ్చింది. స్తంభాలెక్కే ఉద్యోగానికే ఎంపికైన పిల్ల.

"సార్, మీరు దేవుణ్ణి నమ్మరంట గదా. మరి అంత పెద్ద తప్పు జరిగినంక ఎట్ల తట్టుకున్నరు? మేమైతే గుడికి పోయి ఏడుస్తం."

పక్కవాళ్లు ఆమెను గదిమారు గానీ అడగాల్సిన మాటే అడిగింది. టీ చల్లారేలోపు జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇంటికొచ్చి రాస్తున్నాను. ఆ అమ్మాయికీ, మీకందరికీ.

నేను సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ని. బోధన్ నుంచి రుద్రూర్ పోయే దిక్కు చెరుకు తోటల నడుమ ఉండేది మా సబ్‌స్టేషన్. మూడు దిక్కులా చెరుకే. గాలి వీస్తే రోజంతా వాన పడుతున్నట్టే చప్పుడు. మాది నిజామాబాద్ టౌన్. అమ్మ, మా ఇంటామె బీడీలు చేసేవాళ్లు. నేను పొద్దున బస్సెక్కి డ్యూటీకి వచ్చేవాణ్ణి.

నా పని చూసేవాళ్లకు పనిలాగే కనిపించదు. కుర్చీ, ప్యానెల్, ఫోను, రిజిస్టరు. గంటకోసారి రీడింగులు రాసుకోవాలి. కానీ ఎక్కడైనా లైను మీద మనిషి పనిచెయ్యాలంటే ముందు నన్ను అడగాలి. నేను బ్రేకర్ తీసి, ఆ లైనుకు కరెంటు ఆపి, సరే ఎక్కు అంటాను. దాన్నే లైన్ క్లియర్ అంటారు, మన నోట్లో ఎల్సీ. పనయ్యాక అతను కిందికి దిగి, "అయిపోయింది, లైన్ ఇయ్యొచ్చు" అని ఎల్సీ వాపసు ఇస్తాడు. అప్పుడే నేను మళ్లీ కరెంటు వదలాలి. ఇప్పుడు మీకు ఇదంతా ఫోన్లోనే నమోదు అవుతుందట. మా కాలంలో నోటి మాట, ఎల్సీ బుక్కులో ఒక వరస, ప్యానెల్ హ్యాండిల్‌కు వేలాడే ఎర్ర రేకు బోర్డు. దాని మీద 'మనుషులు పనిచేస్తున్నారు' అని రాసి ఉండేది. అంతే.

ఆ లైన్ల మీద ఎక్కే మనిషి నాకన్నా ఐదారేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, అతను నన్ను తమ్మీ అనేవాడు. ఇక్కడ పేర్లు వద్దు గనుక లైన్‌మన్ అన్న అనే రాస్తాను. సన్నటి మనిషి, పెద్ద గొంతు. ప్రతి శనివారం ఒక్కపొద్దు. స్తంభం ఎక్కే ముందు దాని మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని ఒక అర నిమిషం నిలబడేవాడు. ఎంత తొందరున్నా, కింద ఎంతమంది ఒర్రుతున్నా ఆ అర నిమిషం తప్పేది కాదు.

నాకు దేవుడు లేడు. దీని వెనక పెద్ద కథేం లేదు. కొందరికి సంగీతం చెవికెక్కదు, నాకు భక్తి ఎక్కలేదు. అమ్మ చిన్నప్పుడు లింబాద్రి గుట్ట జాతరకు తీసుకుపోతే నాకు బొమ్మల దుకాణాలే గుర్తున్నాయి. దసరాకు సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్‌కు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడుతుంటే నేను యార్డులో నూనె మట్టం చూసే పని పెట్టుకునేవాణ్ణి. కొట్టాక కొబ్బరి ముక్క మాత్రం మొహమాటం లేకుండా తినేవాణ్ణి.

లైన్‌మన్ అన్నతో టీ హోటల్ దగ్గర ఎప్పుడూ ఇదే వాదం.

"కండ్లు మూసుకుని ఏం మొక్కుతవన్నా? దేవుడు బ్రేకర్ తియ్యడు, నేను తియ్యాలె."

"తెల్సు తమ్మీ."

"మరి నాకు మొక్కు."

అతను నవ్వి చాయ్ ఊదుకునేవాడు. జవాబు చెప్పేవాడు కాదు. జవాబు రాకపోతే గెలిచానని అనుకునేవాణ్ణి. అట్లా ఎన్నిసార్లు గెలిచానో లెక్కలేదు.

ఆ రోజు సంగతికి వస్తాను.

వరి పొట్టకొచ్చిన రోజులు. ముందు రోజు సాయంత్రం గాలిదుమారం లేచి ఒక లైన్ మీద రెండు చోట్ల చెట్ల కొమ్మలు పడ్డాయి. ఒక కొస మా సెక్షన్, ఇంకో కొస పక్క సెక్షన్. పొద్దున పదకొండుకు లైన్‌మన్ అన్న ఫోన్ చేసి ఎల్సీ తీసుకున్నాడు. పావుగంటకు పక్క సెక్షన్ వాళ్లు కూడా అదే లైన్ మీద ఎల్సీ అడిగారు. లైన్ ఎట్లాగూ ఆపే ఉంది, ఇచ్చాను. బుక్కులో రెండు వరసలు రాశాను. బోర్డు మాత్రం ఒక్కటే వేలాడుతోంది. రెండో ఎల్సీకి రెండో బోర్డు వెయ్యాలి. అది బీరువాలో ఉంది. లేచి నాలుగడుగులు వెయ్యాలి. వెయ్యలేదు. ఒకే లైను గదా, ఒక బోర్డు చాలు అనుకున్నాను. నా జీవితంలో నేను చేసిన అతి చిన్న బద్ధకం అది.

పన్నెండున్నర నుంచి రైతులు గేటు దగ్గరికి రావడం మొదలైంది. ఇరవై మంది దాకా అయ్యారు. తిట్టడానికి వచ్చినవాళ్లు కాదు. ఒక ముసలాయన కిటికీ చువ్వలు పట్టుకుని, "సారూ, నిన్నటిసంది నీళ్లు లెవ్వు. పొట్ట మీదున్న వరి. ఇయ్యాల గూడ తడవకపోతే గింజ పట్టది, తాలే" అన్నాడు. వాళ్ల బాధ చూస్తే నాకూ బాధగానే ఉంది. మంచి చెయ్యాలనే తొందరలోనే మనం జాగ్రత్త మరుస్తాం. ఆ మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఆ కిటికీ దగ్గర నేర్చుకున్నాను.

ఒకటిన్నర ప్రాంతంలో ఫోన్ మోగింది. "సార్, పనయిపోయింది. అందరం దిగినం. లైన్ ఇయ్యొచ్చు." అది పక్క సెక్షన్. నా చెవికి వినపడింది మాత్రం 'లైన్ ఇయ్యొచ్చు' అన్నదొక్కటే. ఫోన్ పెట్టేశాను. ఉన్న ఒక్క బోర్డు తీసి పక్కన పెట్టాను. ముసలాయన వైపు చూసి, "వస్తుంది పెద్దయ్యా" అని బ్రేకర్ వేశాను.

రెండు సెకండ్లు కూడా నిలవలేదు. పెద్ద చప్పుడుతో ట్రిప్పయి లైన్ పడిపోయింది.

ఇది చెప్పడం నాకిప్పటికీ కష్టం, కానీ దీన్ని చెప్పకపోతే మిగతాదంతా దండగ. లైన్ పడిపోతే ఎక్కడో కొమ్మ ఇంకా తగులుతోందేమో అనుకుని మళ్లీ ఒకసారి వేసి చూడడం మాకు అలవాటు. నా చెయ్యి మళ్లీ హ్యాండిల్ మీదికి పోయింది. ఎడం చేత్తో ఎల్సీ బుక్కు దగ్గరికి లాక్కున్నాను, వాపసు టైము రాద్దామని. రాయబోతుంటే పై వరస కనిపించింది. లైన్‌మన్ అన్న వరస. వాపసు గడి ఖాళీ.

నా చెయ్యి హ్యాండిల్ మీదే ఉంది. దాన్ని తియ్యడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. కిటికీ దగ్గర ముసలాయన, "ఏమైంది సారూ?" అంటున్నాడు. అప్పుడే ఫోన్ మోగింది.

లైన్‌మన్ అన్న పని ముగించేశాడట. జాగ్రత్త కోసం లైనుకు తగిలించుకున్న ఎర్తింగ్ గొలుసు కూడా తీసేసి, దిగడానికి తిరుగుతున్నాడట. ఇంకో రెండు నిమిషాలైతే కిందికి దిగి తానే నాకు ఫోన్ చేసేవాడు. ఎడమ చెయ్యి తీగ దగ్గరుంది. నడుముకు బెల్టు ఉంది గనుక కింద పడలేదు, పైనే వేలాడాడు. తోటి లైన్‌మన్ ఎక్కి, తాళ్లు కట్టి దింపాడు. చెరుకు తోటల్లో పనిచేసేవాళ్లు పరుగెత్తుకొచ్చి ట్రాలీ ఆటోలో వేసుకుని బోధన్, అక్కణ్ణించి అంబులెన్స్‌లో నిజామాబాద్.

డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి నేను ఆసుపత్రికి చేరేసరికి నాలుగయింది. ప్రాణానికి భయం లేదు, చెయ్యి మాత్రం మోచేతి కింద నుంచి తీసెయ్యాలి అన్నారు. వరండాలో వదిన, అంటే అతని భార్య, గోడకానుకుని కూర్చుని ఉంది. నా తప్పు సంగతి ఆమెకింకా తెలియదు. నన్ను చూసి చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"తమ్మీ, కందకుర్తిల గంగ స్నానం చేపిస్తనని మొక్కిన. మనిషి దక్కితె సాలు. నువ్వు గూడ మొక్కు తమ్మీ. మీ అన్నకు నువ్వంటె పానం."

  చెప్పొద్దూ, ఆ క్షణం మొక్కాలనే అనిపించింది. నలభై ఏళ్లు వచ్చిన మనిషిని, జీవితంలో మొదటిసారి ఎవరికైనా మొక్కితే బాగుండుననిపించింది. లోపల వెతికితే అక్కడ ఎవరూ లేరు. అంతకుముందు ఆ ఖాళీ నాకు హాయిగా ఉండేది, సామాన్లు లేని గదిలాగా. ఆ రోజు అందులో కూర్చోవడానికి పీట కూడా లేదు. లేచి నర్సు దగ్గరికి పోయి, "రక్తం ఏమన్నా కావాల్నా అమ్మా?" అని అడిగాను. నాకు చాతనైన మొక్కు అదొక్కటే. నా రక్తం అతనికి సరిపోలేదు. ఇంకెవరికైనా పనికొస్తుందని తీసుకున్నారు.

మర్నాడు మా పై అధికారి, ఏఈ సారు, ఆఫీసుకు పిలిచాడు. మంచి మనిషి. ఇంట్లో రోజూ గంటసేపు పూజ చేసేవాడు. తలుపు దగ్గరగా వేసి, మెల్లగా మాట్లాడాడు.

"చూడు, అయిందేదో అయింది. ఆ మనిషి రాత అట్లుంది. నువ్వు నిమిత్తమాత్రుడివి. ఎల్సీ ఫోన్ల వాపసు ఇచ్చిండు, ఏదో మర్చిపోయి మల్ల ఎక్కిండు అని రాయి. ఫోన్ మాటకు సాక్ష్యమేంది? అతనికి రావల్సింది ఎట్లయినా వస్తది. నీ ఉద్యోగం నిలబడ్తది."

మీరు నన్ను వీరుడనుకోవద్దు. నేను కాగితం తీసుకుని అట్లాగే రాశాను. చక్కటి దస్తూరితో, కొట్టివేతలు లేకుండా రాశాను. ఎల్సీ బుక్కులో ఆ ఖాళీ గడిలో ఒక టైము వేస్తే పని పూర్తవుతుంది. గడి మాత్రం నింపలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. రెండు రోజులు అది నా జేబులోనే ఉంది. 'రాత' అన్న మాట ఎంత సుఖంగా ఉంటుందో ఆ రెండు రోజుల్లో తెలిసింది. దేవుణ్ణి నమ్మనివాణ్ణి, దేవుడు రాశాడని చెప్పుకోవడానికి మాత్రం సిద్ధమైపోయాను.

మూడో రోజు పొద్దున అతన్ని చూడ్డానికి పోయాను. ఆపరేషన్ అయిపోయింది. ఎడమ చెయ్యి ఉండాల్సిన చోట తెల్లటి కట్టు, పొట్టిగా. మొహం నల్లబడిపోయింది గానీ నన్ను చూడగానే నవ్వాడు.

"రా తమ్మీ. ఫికర్ చెయ్యకు. పైవాడు రాసిండు, ఏం జేస్తం. పానమైతే దక్కింది."

నేను స్టూలు మీద కూర్చున్నాను. ఏదో ఒకటి మాట్లాడాలి గనుక, అడగకూడనిదే అడిగాను.

"అన్నా, ఆ రోజు గూడ మొక్కే ఎక్కినవా?"

"మొక్కకుంట ఎప్పుడన్న ఎక్కిన్నా?"

"ఏం మొక్కుతవన్నా అంతసేపు?"

 వాదంలో ఎన్నిసార్లు అడిగినా చెప్పనిది, మందుల మత్తులో చెప్పాడనుకుంటా.

"దేవుని పేరు తీసుకుంట, అది ఒక్క సెకను గూడ పట్టది. తర్వాత నిన్ను తల్సుకుంట తమ్మీ. నువ్వు కుర్చీల కూసున్నట్టు, ఆ బోర్డు ఏలాడుతున్నట్టు కండ్ల ముంగట తెచ్చుకుంట. దేవుడు ఉంటడో ఉండడో, నువ్వైతె ఉంటవ్ గదా. అప్పుడు పానం నిమ్మలమైతది. ఎక్కుత."

నాకు మొక్కు అని నేను ఎగతాళి చేసినన్ని రోజులూ ఆ మనిషి నిజంగానే నన్ను తలుచుకుని ఎక్కుతున్నాడు.

జేబులో కాగితం బరువెక్కిందని కథల్లో రాస్తారు. బరువేం ఎక్కలేదు.  స్టూలు మీంచి లేచి, మళ్లీ కూర్చుని చెప్పేశాను.

"అన్నా, అది రాత కాదు. నేను మర్చిపోయిన. పక్క సెక్షనోళ్లు ఎల్సీ వాపసు ఇస్తె, నీది గూడ ఉందని మర్చిపోయి లైన్ ఇచ్చిన. రెండో బోర్డు వెయ్యలె. బద్ధకమై లేవలె. నీ చెయ్యి నేనే తీసిన."

అతని మొహంలో నవ్వు ఒక్కసారే పోలేదు. మెల్లగా పోయింది. అది చూడ్డమే నాకు అన్నిటికన్నా పెద్ద శిక్ష. వదిన గ్లాసు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. అంతా విన్నది.

అతను మొహం గోడ వైపు తిప్పి, "పో తమ్మీ" అన్నాడు.

"అన్నా..."

"పో. ఒక్క మాట విను. మొన్నటిసంది రాత అనుకుంట పండుకుంటున్న. జర నిద్ర పడుతుండె. ఇగ ఇప్పటిసంది కండ్లు మూస్తె నీ మొకమే కనబడ్తది. అది గూడ తీస్కున్నవ్ నా నుంచి. పో."

బయటికి వచ్చాక వదిన నా వెనకే వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. "నువ్వు మొక్కలే గదా ఆ రోజు?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది.

అదే రోజు ఆ మొదటి కాగితం చింపేసి, జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చాను. ఏఈ సారు చదివి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. "దేవుడు లేడనెటోనికి ఇంత పాపభీతి ఏందయ్యా?" అన్నాడు. పాపభీతి కాదు సారూ అన్నాను. మరేంటో చెప్పడం నాకు రాలేదు. ఇప్పుడైతే కొంచెం చెప్పగలను. పాపం చేస్తే మాఫ్ చెయ్యడానికి నమ్మేవాళ్లకు ఒకరున్నారు. నాకు ఆ మనిషి తప్ప ఇంకో దిక్కు లేదు. అతను మాఫ్ చెయ్యకపోతే పైన అప్పీలు లేదు. అటువంటప్పుడు అతనికి అబద్ధం చెప్పి ఎక్కడికి పోతాను?

సస్పెండ్ చేశారు. తర్వాత ఇంక్రిమెంట్లు ఆపి, భీమ్‌గల్ దిక్కు ఒక సబ్‌స్టేషన్‌కు వేశారు. అది సబబే. అతనికి ఆఫీసులో కూర్చుని చేసే పని ఇచ్చారు. నేను రెండు మూడుసార్లు ఇంటికి పోతే వదిన గేటు దగ్గరే, "ఇంట్ల లేడు" అనేది. లోపల అతని పెద్ద గొంతు వినపడుతూనే ఉండేది.

నేను అతనికి నిజం చెప్పి మంచి చేశానా? ఆ ఏడాదంతా ఇదే ప్రశ్న. నా మనసు తేలిక కావడానికి అతని నిద్ర చెడగొట్టానేమో. రాత అనుకుని ఆ మనిషి నెమ్మదిగా ఉండేవాడు. నమ్మకం లేనివాణ్ణి, నమ్మకమున్నవాడికి ఉన్న ఒక్క దిండూ లాక్కుని వచ్చాను. నిజం అనేదానికి అంత హక్కు ఉంటుందా? నాకిప్పటికీ పూర్తిగా తెలియదు. తెలిసినట్టు మీకు చెప్పను.

కొత్త సబ్‌స్టేషన్‌లో మొదటిసారి ఎవరో ఎల్సీ అడిగితే ముందు కాగితం, పెన్ను దగ్గరికి లాక్కున్నాను. ఫోన్లో, "ఎవరెవరు ఎక్కుతున్నరు? పేర్లు చెప్పు" అన్నాను. అవతలి మనిషి తికమకపడ్డాడు. అట్లా ఎవరూ అడగరు. నలుగురి పేర్లూ చెప్పాడు. నాలుగు అట్టముక్కల మీద నాలుగు పేర్లు రాసి, నాలుగింటికీ దారం కట్టి హ్యాండిల్‌కు వేశాను. దిగినవాడు దిగినట్టు ఫోన్ చెయ్యాలి, ఒక్కో పేరూ తియ్యాలి. చివరి పేరు తీసేదాకా కుర్చీలో వెనక్కి వాలేవాణ్ణి కాదు. మధ్యమధ్యలో ఆ పేర్లు పైకే చదువుకునేవాణ్ణి. ఆ మనిషి ఇప్పుడు ఏ స్తంభం మీద ఉంటాడు, మెడ మీద ఎండ ఎట్లా కొడుతుంటుంది, ఇంటి దగ్గర ఎవరు ఎదురుచూస్తుంటారు అని అనుకునేవాణ్ణి.

తోటి ఆపరేటర్లు నవ్వారు. "సారుకు భక్తి పట్టింది, నామజపం మొదలువెట్టిండు" అన్నారు. మొదట్లో కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే వాళ్లు అన్నదాంట్లో తప్పేముంది? అమ్మ తెల్లారగట్ల దీపం ముందు కూర్చున్నప్పుడు ఆమె మొహం ఎట్లా ఉండేదో నాకు గుర్తుంది. ఆ పేర్లు చదివేటప్పుడు నా మొహమూ కొంచెం అట్లాగే ఉండేదేమో. ఆమె ఎదురుగా దేవుడున్నాడు, నా ఎదురుగా అట్టముక్కలు. ఒంట్లోని పొగరు దిగిపోయి, మనకన్నా పెద్దదొకటి మన చేతిలో ఉందని తెలిసే క్షణాలు అవి. దానికి పేరు పెట్టమంటే నాకు రాదు. రిటైరయ్యేదాకా ఒక్కరోజు మానలేదు. అట్టముక్కలు మురికై పోతే కొత్తవి కోసుకునేవాణ్ణి.

ఆ ప్రమాదం జరిగి ఏడాది దాటాక ఒక ఆదివారం పొద్దున నిజామాబాద్‌లో మా ఇంటి ముందు లైన్‌మన్ అన్న నిలబడి ఉన్నాడు. బోధన్ నుంచి బస్సులో వచ్చాడు. నెరిసిపోయాడు. చొక్కా ఎడమ చెయ్యి మోచేతి దగ్గర మడిచి పిన్నీసు పెట్టి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"బండి ఉందా?"

"ఉందన్నా."

"కందకుర్తి పోవాలె. మీ వదిన మొక్కిన మొక్కు అట్లనే ఉన్నది. నేను పోనంటి ఇన్ని దినాలు. రోజు కొట్లాట. ఒంటి చేత్తోని బండి నడపరాదు. నడుపుతవా?"

ఎందుకు నన్నే అడిగావని అడగలేదు. మా ఇంటామె చాయ్ ఇస్తే గడపలో నిలబడే తాగాడు. బండి తీశాను. వెనక కూర్చుని కుడి చేత్తో నా భుజం పట్టుకున్నాడు. బోధన్ దాటాం. రెంజల్ దిక్కు తిరిగాక, చెరుకు బండ్లు అడ్డమొచ్చి నిదానించాల్సి వచ్చినప్పుడు వెనక నుంచి మాట్లాడాడు.

"కోపం దేవుని మీద పెట్టుకుందామని శాన చూసిన తమ్మీ. ఆయన పలుకడు. ఎంత తిట్టినా గోడతోని మాట్లాడినట్టే. నువ్వన్న 'అవ్, నేనే' అన్నవ్. నీతోనైతె కొట్లాడొచ్చు."

"కొట్లాడన్నా."

"మాఫ్ చేసిన్నని అనుకోకు. రోజు పొద్దున అంగీ గుండీలు పెట్టుకునేటప్పుడు నిన్ను తిడుత. మంచిగ తిడుత. గుండీలు అయిపోయినంక మర్సిపోత."

నాకు కళ్లు మసకబారాయి. బండి పక్కకు ఆపాను. "ఏమైంది?" అన్నాడు. దుమ్ము అన్నాను. "అవ్, దుమ్మే" అన్నాడతను. మళ్లీ బయల్దేరాం.

కందకుర్తి దగ్గర గోదావరిలో మంజీర, హరిద్ర వచ్చి కలుస్తాయి. ఆ రోజు నీళ్లు మోకాలి లోతు దాకా ఉన్నాయి. అవతలి ఒడ్డు నుంచి వచ్చినవాళ్లు మరాఠీలో పిల్లల్ని కేకలేస్తున్నారు. అతను నీళ్లలోకి దిగుతుంటే కింద పాకుడు జారుతోంది. నేను ప్యాంటు మడుచుకుని ఎడమ పక్కన నిలబడి, చెయ్యి లేని ఆ వైపు భుజం కింద పట్టుకున్నాను. మూడుసార్లు మునిగాడు. మూడోసారి లేచి, తలలోంచి నీళ్లు కారుతుండగా సూర్యుడి వైపు తిరిగాడు. కుడి చెయ్యి గుండె ముందుకు తెచ్చి ఆగిపోయాడు. అరచెయ్యి అట్లా ఒంటరిగా గాలిలో నిలబడి ఉంది.

నా వైపు చూడకుండానే, "చెయ్యియ్యి" అన్నాడు.

"ఏందన్నా?"

"దండం పెట్టాలంటె రెండు చేతులు గావాలె. నీ చెయ్యి ఇయ్యి."

నా ఎడమ చెయ్యి అతని కుడి చేతికి ఆనించాను. అతను వేళ్లు సరిచేసి, అరచేతులు రెండూ సమంగా కలిసేట్టు పెట్టుకున్నాడు. తీగలు లాగి లాగి అతని అరచెయ్యి చెక్కలాగా గట్టిపడి ఉంది. కళ్లు మూసుకున్నాడు. నేను తెరిచే ఉంచాను. ఏమీ మొక్కలేదు, ఏమీ అడగలేదు. నీళ్లు కాళ్ల చుట్టూ పోతున్నాయి. అతని వేళ్ల కొసల్లో నాడి కొట్టుకోవడం నా వేళ్లకు తెలుస్తోంది. చాలాసేపు అట్లాగే ఉన్నాం. నా భుజం గుంజడం మొదలైంది.

అతను కళ్లు తెరిచాడు.

"నువ్వేం మొక్కినవ్?"

"ఏం మొక్కలేదన్నా."

"మంచిగైంది. నడుమల మాట్లాడకుంట ఉన్నవ్, అదే సాలు." మళ్లీ కళ్లు మూసుకున్నాడు. "జర ఉండు. ఇప్పటిదాంక నా మొక్కు. మీ వదినది ఇంక ఉన్నది."

నేను చెయ్యి తియ్యలేదు.